విత్తేముందు ఒక లెక్క, ఏరేటప్పుడు మరో లెక్కా?

2025 మే 28న కేంద్ర ప్రభుత్వం ఖరీఫ్ పంటలకు కనీస మద్దతు ధరలు ప్రకటించింది. పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు, మధ్య రకానికి 7,710 రూపాయలు అన్నారు. నిరుటి కంటే 589 రూపాయలు పెంచామని చెప్పుకున్నారు. ఆ మాట పట్టుకునే మనం జూన్‌లో విత్తనం వేశాం.

ఆగస్టు 19 నాటికి చేలు పూత మీద ఉన్నాయి. మనలో చాలామందిమి యూరియా బస్తా కోసం సొసైటీల ముందు వరుసల్లో నిలబడి ఉన్నాం. విత్తనం, దుక్కి, కలుపు, మందులు, కౌలు అన్నీ కలిపి పెట్టుబడిలో పెద్ద భాగం అప్పటికే చేలో పడిపోయింది. సరిగ్గా ఆ రోజు నుంచి విదేశీ దూది మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకేనన్నారు. పది రోజులు తిరక్కుండానే, ఆగస్టు 28న, దాన్ని డిసెంబరు 31 దాకా పొడిగించారు. అంటే మన పత్తి యార్డుకు వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు మూడూ పరాయి దూదికి రేవుల తలుపులు బార్లా తెరిచి ఉన్నట్టే.

ఆ గడువు 2025 డిసెంబరు 31తో ముగుస్తుందని ప్రకటించారు. తర్వాత ఏం చేస్తారన్నది మన పత్తి చివరి ఏరుడు మీద, వచ్చే వానకాలం మనం ఏ పంట వేయాలన్నదాని మీద ప్రభావం చూపుతుంది. అందుకే ఈ నెల దిగుమతి సుంకం గురించి కొంచెం ఓపికగా, లెక్కలతో సహా మాట్లాడుకుందాం. సుంకం ఎంత ఉండాలన్న వాదన ఎప్పుడూ ఉండేదే. అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న ఇంకొకటుంది: సుంకాన్ని ఎప్పుడు మారుస్తున్నారు? ఎవరి అవసరం చూసి మారుస్తున్నారు?

11 శాతం అంటే మనకెంత?

సుంకం కట్టేది దిగుమతిదారు కదా, దానితో మనకేమిటి సంబంధం అని కొందరు అడుగుతారు. లెక్క చూద్దాం. మిల్లులు దూదిని క్యాండీల్లో కొంటాయి. క్యాండీ అంటే 356 కిలోలు. రేవుకు చేరిన విదేశీ దూది క్యాండీ 50,000 రూపాయలు పడిందనుకుందాం. 11 శాతం సుంకం ఉంటే మిల్లుకు అది 55,500 అవుతుంది. సుంకం లేకపోతే 50,000కే దొరుకుతుంది. కాబట్టి మన దూదిని కూడా అంతకే అడుగుతుంది. తేడా 5,500.

క్యాండీ దూది రావాలంటే పది, పదిన్నర క్వింటాళ్ల పత్తి జిన్నింగ్ ఆడాలి. ఆ 5,500ను పత్తి మీద పంచితే క్వింటాలుకు సుమారు 500 రూపాయలు. మద్దతు ధరలో పెంచామని చెప్పుకున్నది 589. మేలో ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఆగస్టులో రెండో చేత్తో దాదాపు మొత్తం తీసేసుకున్నట్టు అయింది. ఐదెకరాలు వేసి ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు తీసిన రైతుకు ఇది 20,000 రూపాయల లెక్క. ఆ డబ్బుతో ఇంట్లో ఒక పిల్ల కాలేజీ ఫీజు కట్టొచ్చు.

ఈ 500 ప్రతి క్వింటాలు మీదా పైసాతో సహా తగ్గుతుందని మనం అనడం లేదు. సీసీఐకి మద్దతు ధరకు అమ్ముకోగలిగినవారికి ఆ దెబ్బ నేరుగా తగలదు. సీసీఐకి అమ్ముకోలేనివారి మీదే అది పడుతుంది. ఎవరు వాళ్లు? పట్టాదారు పాసుపుస్తకం తన పేరు మీద లేని కౌలు రైతు. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు దొరకనివాడు. మొంథా తుఫానులో తడిసిన పత్తిలో తేమ 12 శాతం దాటిందని వెనక్కి పంపబడ్డవాడు. ఎకరాకు 7 క్వింటాళ్లే కొంటామన్న పరిమితి దాటి పండించినవాడు. అప్పిచ్చిన షావుకారుకే సరుకు తూచాల్సినవాడు. వీళ్లందరికీ దిక్కు ప్రైవేటు వ్యాపారే. ఆ వ్యాపారి చెప్పే ధర వెనుక రేవులో దిగిన దూది ధర ఉంటుంది. సుంకం తీసేసిన వెంటనే సీసీఐ సైతం తన గోదాముల్లోని దూది అమ్మకం ధరను తగ్గించుకోవలసి వచ్చింది. మార్కెట్‌కు సంకేతం అలా వెళుతుంది. ఓడ రేవుకు రాకముందే మన యార్డులో ధర దిగుతుంది.

మిల్లుల వాదనలో నిజమెంత?

అవతలి పక్షం మాట కూడా వినాలి. అమెరికా ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసింది. బట్టల ఎగుమతులు దెబ్బతింటాయని, తిరుప్పూరు నుంచి సూరత్ దాకా లక్షల మంది కార్మికుల ఉపాధి పోతుందని మిల్లుల యజమానులు అన్నారు. పోటీ దేశాల మిల్లులకు దూది సుంకం లేకుండా దొరుకుతుంటే తాము ఎలా నిలబడతామని అడిగారు. ఇందులో నిజం లేకపోలేదు. గుంటూరు చుట్టూ స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేది మన పల్లెల నుంచి వెళ్లిన పిల్లలే. మిల్లు మూతపడితే మన పత్తి కొనేవాడు కూడా తగ్గుతాడు.

కానీ ఒక సంగతిని వాళ్లు బయటికి చెప్పడం లేదు. ఎగుమతి చేసే సరుకు తయారీకి కావలసిన ముడిసరుకును సుంకం లేకుండా తెచ్చుకునే వీలు అడ్వాన్స్ ఆథరైజేషన్ అనే పథకం కింద ముందునుంచే ఉంది. ఎగుమతి కోసం నూలు వడికేవారికి ఆ దారి తెరిచే ఉంది. అందులో కాగితాల బెడద ఎక్కువగా ఉంటే దాన్ని తగ్గించాలి. అలా చేయకుండా దేశంలో అమ్ముకునే బట్టకు వాడే దూదికి సైతం సుంకం మొత్తంగా తీసేశారు. ఎగుమతిదారుడి కష్టం పేరు చెప్పి అందరికీ రాయితీ ఇచ్చారు.

రాయితీ అన్నాక దానికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ఖజానా నుంచి ఇస్తే అది బడ్జెట్‌లో కనిపిస్తుంది, పార్లమెంటులో లెక్క చెప్పాలి. సుంకం తీసేసి ఇస్తే ఆ డబ్బు పత్తి రైతు ధరలోంచి పోతుంది. ఏ పద్దులోనూ కనిపించదు. అమెరికా అధ్యక్షుడు వేసిన సుంకానికి ఆదిలాబాదు, ఆదోని రైతులు జరిమానా కట్టడం ఏ న్యాయం? ఆ భారాన్ని దేశమంతా కలిసి మోయాలి. మిల్లులకు వడ్డీ రాయితీ ఇవ్వండి, కార్మికులకు వేతన భరోసా ఇవ్వండి, మనకు అభ్యంతరం లేదు. మన జేబులోంచి తీసి మాత్రం ఇవ్వకండి.

రేవు ధర వెనుక ఎవరి ఖజానా ఉంది?

విదేశీ దూది చవకగా వస్తుంటే అది వాళ్ల సామర్థ్యమని, మనం పోటీ పడలేకపోవడం మన చేతకానితనమని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు రాస్తుంటారు. కొంత నిజమే, దాని సంగతి కింద మాట్లాడుకుందాం. కానీ ఆ ధర ఉత్త సామర్థ్యంతోనే పుట్టలేదు. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చిన సబ్సిడీలు ప్రపంచ ధరను కిందికి లాగుతున్నాయని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. అమెరికా ఏళ్ల తరబడి లాగి, చివరికి 2014లో బ్రెజిల్ పత్తి రంగానికి 30 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని బెనిన్, బుర్కినా ఫాసో, చాడ్, మాలి దేశాలు ఇదే గోడు 2003 నుంచి చెప్పుకుంటున్నాయి. వాళ్లకు ఆ పరిహారం కూడా దక్కలేదు.

అక్కడి పత్తి రైతుకు వందల ఎకరాలుంటాయి. ధర పడితే ప్రభుత్వం ఆదుకుంటుంది, బీమా ఉంటుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాల పైచిలుకు. ఈ ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమనడం పందెం కాదు. సుంకం అన్నది ఈ తేడాను కొంతైనా సరిచేసే సాధనం. దాన్ని దానంగా చూడనవసరం లేదు.

కంది రైతుది ఇదే కథ

పత్తి ఒక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు. కంది చూడండి. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు ఎక్కింది. ప్రభుత్వం 2016లో మొజాంబిక్‌తో దిగుమతి ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది ఎక్కువ ధర చూసి మన రైతులు కంది విస్తారంగా వేశారు, వానలు కూడా కలిసొచ్చాయి. పంట ఇంటికొచ్చేసరికి దిగుమతి సరుకు కూడా వచ్చింది. బోనస్‌తో కలిపి 5,050 రూపాయల మద్దతు ధర ఉండగా బయట చాలాచోట్ల అంతకంటే తక్కువకే తెగనమ్ముకున్నాం. రైతు మునిగాక, 2017 ఆగస్టులో కంది దిగుమతులపై ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టారు.

2021 మే నెలలో ఆ పరిమితి మళ్లీ ఎత్తేశారు. అప్పటి నుంచి గడువు ముగిసే ప్రతిసారీ పొడిగిస్తూనే ఉన్నారు. 2025 జనవరిలో, కంది కోతలు నూర్పిళ్లు సాగుతుండగానే, సుంకం లేని దిగుమతులను 2026 మార్చి 31 దాకా పొడిగించారు. దీనికి తోడు 2023 డిసెంబరు నుంచి పచ్చ బఠానీ కూడా సుంకం లేకుండా వెల్లువలా వచ్చింది. శనగకు, శనగపిండికి బదులు అది వాడతారు. కాబట్టి దాని చవక ధర మిగతా పప్పుల ధరలన్నింటినీ కిందికి గుంజుతుంది. 2024-25లో మన దేశం దిగుమతి చేసుకున్న పప్పుధాన్యాలు సుమారు 73 లక్షల టన్నులు. ఇంతకు ముందు ఏ ఏడాదీ ఇంత తెచ్చుకోలేదు. బఠానీ మీద 30 శాతం సుంకం వేయడానికి 2025 నవంబరు 1 దాకా ఆగారు.

2025 అక్టోబరులో 11,440 కోట్లతో పప్పుల స్వయంసమృద్ధి మిషన్ మొదలైంది. మంచిదే. కానీ తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు ఇచ్చి, 2025-26కు మద్దతు ధర 8,000 అని రాసి, కొత్త పంట చేతికొచ్చే వేళకు రేవుల్లో సుంకం లేని కందులు దించుతుంటే తాండూరు రైతు ఏ కాగితాన్ని నమ్మాలి? దేశానికి పప్పులు పండించమని ఒక శాఖ చెబుతుంది, బయటి నుంచి తెప్పించమని మరో శాఖ చెబుతుంది. రెండు శాఖలూ ఒకే ప్రభుత్వానివి.

ముప్పై ఏళ్ల చెట్టు, తొమ్మిది నెలల సుంకం

పామాయిల్ తోటల సంగతి మరీ విడ్డూరం. దేశంలో పండే పామాయిల్‌లో అత్యధిక భాగం మన రెండు రాష్ట్రాలదే. అశ్వారావుపేట, దమ్మపేట, పెదవేగి ప్రాంతాల రైతులకు దీని లోతుపాతులు తెలుసు. మొక్క నాటాక నాలుగో ఏట గానీ గెల చేతికి రాదు. నాటిన చెట్టు పాతిక, ముప్పై ఏళ్లు నిలబడుతుంది. నచ్చకపోతే వచ్చే సీజనుకు మార్చుకోగల పంట కాదు.

2021 ఆగస్టులో 11,040 కోట్లతో నూనెగింజల మిషన్ కింద పామాయిల్ వేయమని ప్రోత్సహించారు. రెండు నెలలకే, అక్టోబరులో, ముడి నూనె మీద సుంకం భారీగా తగ్గించారు. అప్పుడు ప్రపంచ ధర ఆకాశంలో ఉంది, తగ్గించడం సబబే అనుకుందాం. 2022 నడిమి నుంచి ప్రపంచ ధర పడింది. గెల ధర టన్నుకు 20,000 పైనుంచి పన్నెండు, పదమూడు వేలకు దిగింది. అయినా సుంకం 5.5 శాతం దగ్గరే ఉండిపోయింది. రైతులు రోడ్డెక్కాక, 2024 సెప్టెంబరు 14న దాన్ని 27.5 శాతానికి పెంచారు. గెల ధర మళ్లీ లేచింది. కొత్తగా మొక్కలు పెట్టినవారు కాస్త ఊపిరి పీల్చుకున్నారు. తొమ్మిది నెలలు కూడా నిండకుండా, 2025 మే 30న, మళ్లీ 16.5 శాతానికి తగ్గించారు.

దీని విలువ కూడా లెక్కేద్దాం. కేంద్రం తన భరోసా ధర లెక్కలో ముడి నూనె ధరలో 14.3 శాతాన్ని గెల ధరగా తీసుకుంటుంది. రేవు ధర టన్ను లక్ష రూపాయలైతే 27.5కూ 16.5కూ మధ్య తేడా 11,000. అందులో 14.3 శాతం అంటే టన్ను గెలలకు సుమారు 1,570 రూపాయలు. ఎకరాకు 8 టన్నులు తీసే తోటలో ఏటా 12,500 పైమాట. ఒక్క నోటిఫికేషన్‌తో.

ఇదే నేల మీద ఇంకో చరిత్ర కూడా ఉంది. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టి, ధరకు అండగా నిలిచి, 1990ల మొదట్లో దేశాన్ని వంటనూనెల్లో దాదాపు స్వయంసమృద్ధికి తెచ్చారు. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తీసి, 65 శాతం ఉన్న సుంకాన్ని 1998 నాటికి 15 శాతానికి దించారు. ఇప్పుడు ఏటా సుమారు 160 లక్షల టన్నుల నూనె బయటినుంచే తెచ్చుకుంటున్నాం. మన అవసరంలో సగానికి పైగా. అనంతపురం వేరుశనగ తగ్గడానికి కరువు ఒక కారణం, ధర లేకపోవడం మరో కారణం. డబ్ల్యూటీవో నిబంధనల ప్రకారం పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మనకు ఉంది. చేతులు కట్టేసిన వాళ్లు ఎవరూ లేరు. సోయా నూనె మీద మాత్రం 45 శాతమే గరిష్ఠం.

కొనేవాడి మాట

ఇక్కడ మన ఇళ్లలోనే ఒక ప్రశ్న వస్తుంది. సుంకం పెరిగితే నూనె ప్యాకెట్ ధర పెరగదా? పెరుగుతుంది. 2024 సెప్టెంబరు తర్వాత పెరిగింది కూడా. పత్తి అమ్మే రైతు నూనె, పప్పు కొనుక్కునే తింటాడు. మన చేలో ఏరుడుకు వచ్చే కూలీ తల్లికి నూనె ధర పది రూపాయలు పెరిగినా బరువే. సుంకానికి ఖర్చు లేదని చెబితే మన సభ్యులకే అబద్ధం చెప్పినట్టు.

అయితే దీనికి దారి ఉంది. దిగుమతి సుంకం మీద వచ్చే ఆదాయం చిన్నదేమీ కాదు. దాన్ని మామూలు ఖర్చుల్లో కలిపేయకుండా రెండు పనులకు పెట్టాలి. ఒకటి, ధర పడినప్పుడు పామాయిల్, నూనెగింజల రైతుకు తేడా చెల్లించడం. రెండు, రేషన్ కార్డు మీద నూనె, పప్పు తక్కువ ధరకు ఇవ్వడం. మన కందులను మద్దతు ధరకు కొని, మన ఊళ్లోనే రేషన్ షాపులో పప్పుగా ఇస్తే రైతూ నిలబడతాడు, కూలీ కూడా తింటాడు. పేదవాడి పేరు చెప్పి సుంకం ఎత్తేస్తే మిగిలేది ఎక్కువగా దిగుమతిదారుకూ, రిఫైనరీకీ. రేవులో తగ్గినంత కిరాణా కొట్టులో తగ్గడం మనం చూడలేదు.

ఇంకో మాట. ధర పెరిగితే దిగుమతి తలుపు తెరుస్తారు. అదే ధర పెరిగితే ఎగుమతి తలుపు మూస్తారు. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతులు ఆపారు, 2024 సెప్టెంబరు దాకా ఆపే ఉంచారు. 2023 డిసెంబరులో ఉల్లి ఎగుమతులు నిషేధించారు. కర్నూలు ఉల్లి రైతుకు ఆ దెబ్బ గుర్తుంది. ధర పడినప్పుడు నష్టం మాది, లేచినప్పుడు లాభం మాత్రం మాకు రానివ్వరు. 2000-01 నుంచి 2016-17 దాకా ఇలాంటి విధానాల వల్ల భారత రైతుల రాబడి ఏటా సగటున 14 శాతం తగ్గిందని ఓఈసీడీ, ఇక్రియర్ సంస్థలు 2018లో లెక్కగట్టాయి. ఎరువుల సబ్సిడీ, కరెంటు సబ్సిడీ అన్నీ కలిపి చూశాక మిగిలిన లోటు అది. రైతుకు సబ్సిడీలు దోచిపెడుతున్నారనేవారికి ఈ అంకె చూపించండి.

సుంకం ఒక్కటే చాలదు

మన వైపు లోపాలు కూడా మాట్లాడుకోవాలి. 11 శాతం సుంకం ఉన్న కాలంలోనే విదేశీ దూది పెరిగింది. 2023-24లో 15 లక్షల బేళ్ల దాకా వస్తే, 2024-25లో సుమారు 40 లక్షల బేళ్లు వచ్చింది. కారణం? మన దిగుబడి పడిపోతోంది. హెక్టారుకు మనం తీసే దూది 450 కిలోల దగ్గర ఆగింది. ప్రపంచ సగటు 800 కిలోల దగ్గర ఉంది. బ్రెజిల్ మనకు నాలుగింతలు తీస్తోంది. గులాబీ రంగు పురుగు బీటీకి లొంగడం మానేసి ఏళ్లు గడిచాయి. నకిలీ విత్తనాల మీద నిఘా లేదు. నల్లరేగడిలో వానకు తప్ప నీటికి దిక్కు లేదు.

సుంకం అనేది గట్టు లాంటిది. వరదను ఆపుతుంది, కానీ మడిలో పంట పండించదు. గట్టు ఉన్న కాలంలో మడిని బాగు చేసుకోవాలి. 2025 బడ్జెట్‌లో ఐదేళ్ల పత్తి ఉత్పాదకత మిషన్ ప్రకటించారు. అది మన ఊళ్లలో ఎక్కడ కనిపిస్తోందో అడగాలి. కొత్త విత్తనం, దగ్గర దగ్గరగా నాటే పద్ధతి, పొట్టి కాలపు రకాలు మన నేలల్లో పరీక్షించి ఇవ్వాలి. పరిశోధన లేకుండా సుంకం మాత్రమే అడిగితే పదేళ్ల తర్వాత కూడా ఇదే సంపాదకీయం రాసుకోవాలి. సుంకం తీసేసి ఉత్పాదకత పెంచుకోండని అంటే మాత్రం అది గట్టు తెంపి నాట్లు వేయమన్నట్టే.

మనం అడుగుతున్నది

ఒకటి. దూది మీద సుంకం మినహాయింపును డిసెంబరు 31 తర్వాత ఒక్క రోజు కూడా పొడిగించవద్దు. కంది మీద సుంకం లేని దిగుమతులను మార్చి దాకా లాగకుండా, కొత్త పంట యార్డుకు వచ్చే ఈ నెలల్లోనే ఆపాలి.

రెండు. దిగుమతి సుంకాన్ని మద్దతు ధరతో పాటే, విత్తనం వేయకముందే ప్రకటించాలి. ఆ పంట అమ్ముడుపోయేదాకా మార్చకూడదు. పామాయిల్ లాంటి తోటలకు కనీసం ఐదేళ్ల హామీ కావాలి. ధర రోజురోజుకూ మారినట్టు సుంకం తనంతట తాను మారే పద్ధతిని డబ్ల్యూటీవో ఒప్పదు, చిలీ ఆ పద్ధతి పెట్టి 2002లో కేసు ఓడిపోయింది. కానీ పరిమితికి లోబడి ఏడాదికి ఒకసారి ముందుగా ప్రకటించే సుంకానికి అభ్యంతరం ఉండదు.

మూడు. సుంకం ఎంత ఉండాలన్నదానికి కొలబద్ద మద్దతు ధరే కావాలి. సుంకంతో కలిపి విదేశీ సరుకు మన మద్దతు ధర కంటే చవకగా దిగకూడదు.

నాలుగు. ఎగుమతి మిల్లులకు సాయం ఖజానా నుంచి చేయాలి. అడ్వాన్స్ ఆథరైజేషన్ దారిని చిన్న మిల్లులకు కూడా సులువు చేయాలి.

ఐదు. వంటనూనెల సుంకం ఆదాయం నూనెగింజల రైతుకూ, రేషన్ షాపుకూ చేరాలి.

ఆరు. సుంకం ఎంత ఉన్నా కొనుగోలు కేంద్రం లేకపోతే ఫలితం లేదు. కౌలు రైతు పత్తి కూడా కొనాలి, ఎకరాకు పెట్టిన పరిమితి ఎత్తేయాలి, యాప్ రానివారికి యార్డులోనే నమోదు చేయాలి.

ఈ నెలలో మన పని

కోరికలు రాసి పంపితే ఢిల్లీలో ఫైలు కిందకి వెళ్తాయి. లెక్కలతో వెళ్తే జవాబు చెప్పక తప్పదు. అందుకే ప్రతి గ్రామ కమిటీకి ఒక పని. అక్టోబరు నుంచి ఇప్పటిదాకా పత్తి అమ్మిన ప్రతి సభ్యుడి తక్‌పట్టీ తీయించండి. తేదీ, తూకం, ధర, తేమ శాతం, ఎవరికి అమ్మారు అన్నవి ఒక కాగితం మీద రాయండి. తక్‌పట్టీ ఇవ్వకుండా కొన్నవారి సంగతి వేరే రాయండి, అది కూడా లెక్కే. కౌలు రైతుల పేర్లు తప్పకుండా ఉండాలి, ఎక్కువ నష్టపోయింది వాళ్లే. కంది అమ్మకాలు మొదలైన ఊళ్లలో అవి కూడా చేర్చండి. సంక్రాంతిలోపు జిల్లా కమిటీకి అందితే బడ్జెట్ సమావేశాలకు ముందే మన ఎంపీలందరి చేతిలో పెట్టవచ్చు. ఆ కాగితాల్లో ఉండేది మన ఊరి ధరలు. వాటిని కాదనడం ఎవరి తరమూ కాదు.

2019 నవంబరులో ఆర్‌సెప్ ఒప్పందం నుంచి మన దేశం బయటికి వచ్చింది. పాల రైతులు, రైతు సంఘాలు దేశమంతటా లేచి అడిగినందువల్ల ఆ నిర్ణయానికి బలం వచ్చింది. అడిగితే వింటారనడానికి అది ఒక రుజువు. ఇప్పుడు మళ్లీ పెద్ద దేశాలతో వాణిజ్య చర్చలు నడుస్తున్నాయి. ఆ బల్ల దగ్గర మన పత్తి, కంది, సోయా, మొక్కజొన్న, పాలు అన్నీ ఉన్నాయి. మనం మాత్రం లేం.

మొజాంబిక్ కంది రైతు, బెనిన్ పత్తి రైతు మనకు శత్రువులు కారు. వాళ్లదీ వానను నమ్ముకున్న బతుకే. మనం అడుగుతున్నది ఒక్కటే. విత్తేటప్పుడు చెప్పిన మాట అమ్మేటప్పుడు కూడా నిలబడాలి. వాన మాట తప్పితే మనం భరిస్తాం, దానికి అడ్రసు లేదు. ప్రభుత్వానికి అడ్రసు ఉంది.